రాకాసి గుళ్ళకు సర్వే నంబరు రాయించిన అనుభవం

నల్గొండ జిల్లా దేవరకొండ నుంచి కృష్ణా నది వైపు దిగే దారిలో గుట్ట లేని ఊరు దాదాపు ఉండదు. ఆ గుట్టల పాదాన, పంటకు అంతగా అక్కరకు రాని చెలకల్లో, పెద్ద పెద్ద గుండ్లను వలయంగా పాతి మధ్యలో రాళ్ళు పోసిన కుప్పలు కూడా చాలా ఊళ్ళలో కనిపిస్తాయి. మా వైపు వాటిని రాకాసి గుళ్ళంటారు. కొన్నిచోట్ల పాండవుల గుళ్ళంటారు. పురావస్తు శాస్త్రం వీటిని బృహత్ శిలా సమాధులుగా గుర్తించింది. దక్కన్‌లో ఇనుము వాడకం తెలిసిన జనం క్రీస్తుపూర్వం సుమారు 1000 నుంచి క్రీస్తుశకం తొలి శతాబ్దాల దాకా తమవాళ్ళ ఎముకలను, వాళ్ళు వాడిన కుండలను, పనిముట్లను వీటిలో ఉంచి పూడ్చారు.

నేను ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెబుతాను. మా ఊరి గుట్ట కింద ఉన్న వలయాలలో కొన్ని బంచరాయిలో, అంటే సర్కారు బీడు భూమిలో ఉన్నాయి, కొన్ని పట్టా చెలకల్లో, అంటే రైతుల సొంత మెట్టచేలల్లో ఉన్నాయి. బత్తాయి తోటల కోసం జేసీబీతో నేల చదును చేయడం పెరిగిన తరువాత పక్క ఊళ్ళలో ఇలాంటివి చాలా కనిపించకుండా పోయాయి. వాటిని కాపాడమని అడిగిన వాళ్ళు లేకపోలేదు. కానీ ఆ వినతిపత్రాలలో "గుట్ట దగ్గర పురాతన సమాధులున్నవి" అన్న ఒక్క వాక్యం తప్ప, ఏ సర్వే నంబరులో ఎన్ని ఉన్నాయి, ఒక్కొక్కటి ఎంత జాగాలో ఉంది అన్న వివరం ఉండేది కాదు. అలాంటి కాగితం మీద ఏ అధికారీ ఏమీ రాయలేడు. అందుకని మా ఊరి వలయాలలో ప్రతిదానికీ ఒక నంబరు, ఒక పటం, ఒక ఫొటో, ఒక సర్వే నంబరు ఉండేటట్టు జాబితా తయారు చేసి, దానిని రెవెన్యూ రికార్డుకు ముడిపెట్టించాలని పూనుకున్నాను.

పని మొదలుపెట్టక ముందే పదో తరగతి పిల్లలకు ఒక నియమం గట్టిగా చెప్పాను: గడ్డపార, పార, కొడవలి దేనినీ వలయంలోకి తేకూడదు. ఒక్క రాయి కదపకూడదు, ఒక్క పెంకు జేబులో వేసుకోకూడదు. పురావస్తు తవ్వకానికి భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ అనుమతి ఉండాలి. భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి నిధి చట్టమే చెబుతోంది. చట్టం మాట అటుంచితే, తవ్వకం వల్ల జరిగే నష్టం మా గుట్ట కిందే కళ్ళకు కడుతుంది. గుప్తనిధుల కోసం రాత్రిపూట వచ్చిన వాళ్ళు కొన్ని వలయాల నడుమ నిలువెత్తు గుంతలు తవ్వి వదిలేశారు. ఈ సమాధుల్లో సాధారణంగా దొరికేవి కుండలు, ఇనుప కత్తులు, బాణపు ములుకులు, కొడవళ్ళు, కార్నీలియన్ అనే ఎర్రరాతి పూసలు, శంఖపు ముక్కలు. బంగారం కనిపించడం బహు అరుదు. బంగారం కోసం వచ్చిన వాడు కుండలను పగలగొట్టి, ఎముకలను బయటికి విసిరి పోతాడు. వాడికి దక్కేదేమీ ఉండదు, మనకు తెలిసేదీ ఏమీ మిగలదు.

అసలు కష్టం వలయాన్ని గుర్తుపట్టడంలోనే ఉంది. మా చెలకల్లో రాళ్ళ కుప్పకు కొదువ లేదు. తాతల కాలం నుంచి రైతులు దున్నుతూ తగిలిన రాళ్ళన్నీ ఏరి ఒకచోట పోస్తూ వచ్చారు. దూరం నుంచి చూస్తే ఆ కుప్పకూ సమాధికీ తేడా తెలియదు. కొన్నాళ్ళు తిరిగాక మాకు కొన్ని గుర్తులు చిక్కాయి. రైతు పోసిన కుప్ప గట్టు మీదో, దున్నడానికి వీలుకాని బండ మీదో ఉంటుంది. అందులో పిడికెడు రాయి నుంచి గుండు దాకా అన్నీ కలిసిపోయి ఉంటాయి. అవి నేల మీద ఊరికే కూర్చుని ఉంటాయి. సమాధి చుట్టూ ఉన్న గుండ్లు అలా ఉండవు. అవి ఇంచుమించు ఒకే పరిమాణంలో ఉండి, ఒకదానికొకటి ఎడం పాటిస్తూ, సగం దాకా భూమిలో దిగి ఉంటాయి. ఒక గుండు పోయినా అది ఉన్న చోట పల్లం మిగులుతుంది. వలయం మధ్యభాగం కొద్దిగా ఉబ్బి ఉంటుంది. తవ్విపోసినదైతే గుంతపడి, పక్కన తవ్వి పోసిన మట్టి కట్టలా ఉంటుంది. అన్నిటికంటే నమ్మదగిన గుర్తు ఏమిటంటే, సమాధి ఒంటరిగా ఉండటం తక్కువ. ఒకటి దొరికితే ఆ చుట్టుపక్కల సాధారణంగా ఇంకొన్ని ఉంటాయి.

ఈ విషయంలో మాకు గొప్ప సాయం చేసింది గొర్లు కాసే ఒక పెద్దాయన. తుప్పల్లో మునిగిపోయిన వలయాలను ఆయన చూపించకపోతే మా జాబితాలో మూడోవంతు ఉండేది కాదు. "పెద్దయ్యా, ఇక్కడ ఇంకేమైనా ఉన్నాయా?" అని అడిగితే కర్ర చాచి, "గా తంగేడు పొద చాటుకు ఒకటున్నది సారూ, మ్యాకలు ఎక్కి కూసుంటయి. గా దానెంబడి ఇంకో రెండున్నయి, కానీ మొన్నటేడు ట్రాక్టరు తిరిగి కలిసిపోయినయి" అనేవాడు. ఆయన చెప్పినచోట వలయం లేకపోయినా, కలిసిపోయినదని చెప్పిన చోటును కూడా వేరే రంగుతో పటంలో గుర్తుపెట్టాం. పోయినవాటికి కూడా జాబితాలో చోటు ఉండాలన్నది నా అభిప్రాయం. లేకపోతే రేపు ఎవరైనా లెక్క చూసి, ఉన్నవన్నీ పదిలంగానే ఉన్నాయి కదా అనుకుంటారు.

రాతి సంగతి తెలుసుకోవడానికి ఊళ్ళో రాతిపని చేసే వడ్డెర మేస్త్రీని ఒకరిని వెంట తీసుకెళ్ళాను. పుస్తకాలు చదివి నేను తెలుసుకున్న దానికంటే ఆయన ఒక పూటలో చెప్పింది ఎక్కువ. తెలంగాణ గ్రానైటు దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటిది. పైన ఉన్న భారం కాలక్రమంలో కోతకు గురై తొలగిపోయేకొద్దీ ఆ బండ ఉల్లిపొరలలాగా పలకలు పలకలుగా విడుస్తుంది. కేరళలోని ఎర్రమట్టి రాయి, అంటే లాటరైటు, మెత్తగా ఉంటుంది కాబట్టి అక్కడ అదే కాలపు జనం రాతిలోకి గుహలు తొలిచి సమాధులు చేసుకున్నారు. మన బండలో అలా తొలవడం అసాధ్యం కాకపోయినా వృథా శ్రమ. పొరలుగా లేచే పలకను పెరికి, నాలుగు వైపులా నిలబెట్టి, పైన ఇంకో పలక కప్పితే భూమిలో రాతి గది తయారవుతుంది. మేస్త్రీ ఒక పలక అంచును వేళ్ళతో తడుముతూ చూసి, "దీనికి మేకు గుంతలు లెవ్వు సారూ. మేం పగలగొట్టిన రాయి అయితే అంచు పొంటి గుంతలు వరుసగ కనవడ్తయి. ఇది తనంత తనే లేసిన పొరను అగ్గిపెట్టి ఇడిపిచ్చిన్రు" అన్నాడు. బండ మీద మంట పెట్టి పలకను లేపే పద్ధతి వడ్డెర పనిలో మొన్నమొన్నటి దాకా ఉన్నదే. అప్పటి నుంచి ప్రతి పలక అంచునూ మేకు గుంతల కోసం చూడటం మా పరిశీలనలో భాగమైంది. గుంతలుంటే ఆ రాయి తరువాతి కాలంలో ఎవరో కొట్టుకుపోగా మిగిలిందని రాసుకున్నాం.

మా జాబితాలో 7వ నంబరు వేసిన వలయం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. అది బంచరాయిలో, చెరువు కట్టకు ఎగువన, కొద్దిపాటి మిట్ట మీద ఉంది. వలయం అడ్డంగా సుమారు 30 అడుగులు. దొంగలు నడుమ తవ్విపోయినందువల్ల లోపలి రాతి గది మూడు వైపుల పలకలు బయటపడి ఉన్నాయి. కప్పు బండ ఒక పక్కకు ఒరిగి ఉంది. ఆ కప్పు బండను కొలిస్తే పొడవు 10 అడుగులు, వెడల్పు 7 అడుగులు, మందం అడుగు వచ్చింది. గ్రానైటు ఘనపు అడుగు సుమారు 75 కిలోలు తూగుతుంది కనుక ఈ ఒక్క బండే అయిదు టన్నులు దాటుతుంది. పిల్లలు లెక్క వేసి కాసేపు మాట్లాడలేదు, తరువాత ఎందరు మోస్తే ఇది లేస్తుందని వాదులాడుకున్నారు. మోయనక్కరలేదు, మొద్దుల మీద దొర్లించి, మట్టి కట్ట వాలు మీదుగా పైకి లాగి ఉండవచ్చని చెప్పాను. అప్పుడు ఎద్దుల సంఖ్య మీద వాదన మొదలైంది.

తూర్పు వైపు పలకలో జానెడున్నర వెడల్పున గుండ్రని రంధ్రం ఉంది. ఇలాంటి రంధ్రం ఉన్న సమాధులు దక్షిణాదిలో చాలాచోట్ల ఉన్నాయి. పురావస్తు శాస్త్రవేత్త మోర్టిమర్ వీలర్ 1947లో కర్ణాటకలోని బ్రహ్మగిరిలో తవ్వినవాటిలోనూ ఇవి ఉన్నాయి. ఒకసారి మూసిన గదిలోకి తరువాత కాలంలో ఎముకలను, కుండలను చేర్చడానికి అది దారి అని కొందరు, ఆత్మ వచ్చిపోయే వాకిలి అని కొందరు వివరించారు. మొదటి వివరణే నాకు సబబుగా తోస్తుంది, ఎందుకంటే ఇలాంటి సమాధులలో చాలావాటిలో శవాన్ని ముందు వేరేచోట ఉంచి, ఎముకలను మాత్రమే తరువాత తెచ్చి పెట్టిన దాఖలాలున్నాయి, ఒకే గదిలో ఒకరికంటే ఎక్కువ మంది ఎముకలు ఉండటమూ ఉంది. మేస్త్రీ ఆ రంధ్రం అంచు మీద బొటనవేలు తిప్పి, రెండు వైపుల నుంచీ రాయితో కొట్టుకుంటూ వచ్చి నడుమ కలిపారని చూపించాడు. నిజంగానే రెండు ముఖాల దగ్గర వెడల్పుగా ఉండి, మందం మధ్యలో సన్నబడి ఉంది.

కొలిచే పద్ధతి చాలా సామాన్యమైనది, ఖర్చు లేనిది. వలయానికి కొంచెం దూరంలో, కదలని బండ మీద సుద్దముక్కతో రెండు గుర్తులు పెట్టుకుని వాటి మధ్య దూరం ముందుగా కొలుస్తాం. తరువాత వలయంలోని ప్రతి గుండుకూ సుద్దతో నంబరు వేసి, ఆ రెండు గుర్తుల నుంచీ దాని దూరాన్ని టేపుతో తీసుకుంటాం. గళ్ళ కాగితం మీద సెంటీమీటరుకు అర మీటరు చొప్పున, వృత్తలేఖినితో రెండు చాపాలు గీస్తే అవి ఖండించుకున్న చోటే గుండు ఉన్న చోటు. లెక్కల టీచరు త్రిభుజ నిర్మాణమని పాఠంలో చెప్పినదే ఇది. రాళ్ళ మీద రంగు వాడవద్దని ముందే అనుకున్నాం. సుద్ద ఒక వానకు పోతుంది. ఫొటోలో ఉత్తర దిక్కు బాణం, అడుగుల గుర్తులున్న కర్ర తప్పనిసరిగా పెట్టాం. ఫోన్‌లోని దిక్సూచి ఇనుప గేట్ల దగ్గర, కరెంటు స్తంభాల దగ్గర తప్పు చూపిస్తుంది. మధ్యాహ్నం కర్ర నీడ అతి పొట్టిగా ఉన్నప్పుడు అది ఉత్తర దక్షిణాలుగా పడుతుంది కనుక దానితో ఒకసారి సరిచూసుకోవడం మేలు.

దొంగలు తవ్విపోసిన మట్టిలో కుండ పెంకులు విరివిగా ఉన్నాయి. లోపల నల్లగా, బయట అంచు దాకా నల్లగా, కింది భాగం ఎర్రగా ఉండే పెంకులవి. కుండను మూతి కిందికి పెట్టి బూడిదతోనో ఆకుతోనో కప్పి కాల్చితే గాలి తగలని లోపలి భాగం, మూతి నల్లబడి, గాలి తగిలిన అడుగు ఎర్రబడుతుందన్నది దీనికి ఉన్న వివరణ. ఒక పెంకు మీద గీకిన గుర్తు కనబడింది: బాణం ఆకారం, పక్కన రెండు గీతలు. హైదరాబాదు రాజ్యంలో పురావస్తు శాఖ 1914లో ఏర్పడినప్పుడు దానికి అధిపతిగా ఉన్న గులాం యజ్దానీ ఇలాంటి సమాధుల కుండల మీది గుర్తులపై 1917లోనే వ్యాసం ప్రచురించాడు. మేం ఆ పెంకును ఉన్నచోటనే ఫొటో తీసి, గుర్తును కాగితం మీద గీసుకుని, అక్కడే వదిలేశాం. ఇంటికి తెచ్చి అలమారలో పెడితే అది ఏ సమాధిదో రెండేళ్ళకు ఎవరూ చెప్పలేరు.

మా పటాలను దేనితోనైనా పోల్చుకోవాలి కదా. భువనగిరి దగ్గర రాయగిరిలో నిజాం కాలంలోనే ఇటువంటి సమాధులను తవ్వి పరిశీలించారు. అంతకు ముందే, పందొమ్మిదో శతాబ్దం నడుమ, ఇప్పటి కర్ణాటకలోని సురపురం సంస్థానంలో పనిచేసిన బ్రిటిష్ అధికారి మెడోస్ టేలర్ జేవర్గి దగ్గరి సమాధులను తవ్వి, గుంత లోతుల్లోని అమరికను చూపే నిలువు పటాలు గీశాడు. ఆ పటాలను వీలర్ ఎంతో మెచ్చుకున్నాడు. మా జిల్లాలోనే ఏలేశ్వరం నాగార్జునసాగర్ నీళ్ళలో మునగక ముందు అబ్దుల్ వహీద్ ఖాన్ ఆధ్వర్యంలో తవ్వకాలు జరిగాయి. అక్కడా బృహత్ శిలా సమాధులు బయటపడ్డాయి. ఆ నేల ఇప్పుడు నీటి అడుగున ఉంది, తవ్విన నివేదిక మాత్రం మిగిలింది. ఆ పోలికతో చూసుకున్నప్పుడు, రాతి గది ఉన్న వలయాలు, గది లేక గుంతలో పూడ్చిన వలయాలు మా దగ్గర కలిసే ఉన్నాయని అనుకోవడానికి ఆధారం దొరికింది. పైనుంచి చూసి అంతకు మించి చెప్పడం తగదు.

నారాయణపేట జిల్లాలోని ముడుమాల్‌కు పిల్లలను తీసుకెళ్ళడం ఈ పనిలో భాగమే. కృష్ణ ఒడ్డున పది అడుగులకు మించిన నిలువురాళ్ళు అక్కడ పెద్ద సంఖ్యలో నిలబడి ఉన్నాయి. చుట్టూ చిన్న రాళ్ళు వరుసలు కట్టి ఉన్నాయి. సప్తర్షి మండలం ఆకారంలో చిన్న గుంటలు తొలిచిన బండ కూడా ఉంది. 2025లో ఆ స్థలం యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరింది. అయితే జాబితా రాకముందు, ఇంత కాలం ఆ రాళ్ళు నిలబడటానికి ఒక కారణం ఊరివాళ్ళ భక్తి కూడా అనిపించింది. వాళ్ళు ఆ రాళ్ళను నిలురాళ్ళ తిమ్మప్పగా కొలుస్తారు. మా ఊళ్ళో రాకాసి గుళ్ళ పట్ల భక్తి లేదు, కాస్త భయం ఉంది. అది నిధి వేటగాళ్ళను ఆపలేదు.

తరువాతి దశ రెవెన్యూ కార్యాలయానిది. గ్రామ నక్షా (ఊరి భూముల పటం), టిప్పన్ల (ఒక్కో సర్వే నంబరు కొలతల పటాలు) నకళ్ళు తీసుకుని, గట్టు రాళ్ళను ఆధారం చేసుకుని మా వలయాలను వాటి మీద గుర్తించాలి. దీనికి మండల సర్వేయరు సాయం లేకుండా కుదరదు. అధికారులు జనం అర్జీలు తీసుకునే సోమవారం ప్రజావాణిలో పటాలతో సహా దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకున్నాను. ఆ తరువాత ఒక కార్యాలయం నుంచి ఇంకో కార్యాలయానికి పోయే దారిలో దరఖాస్తు ఎక్కడో ఆగింది, పటాలు కనిపించలేదు. నకళ్ళు నా దగ్గర ఉన్నాయి కాబట్టి మళ్ళీ ఇచ్చాను. ఇలాంటి పని చేసేవారెవరైనా అసలు పటాన్ని ఎక్కడా ఇవ్వకూడదని మాత్రం చెబుతాను.

పట్టా భూముల సంగతి వేరు. ఒక రైతు తన చెలకలో బత్తాయి పెట్టడానికి సిద్ధమవుతున్నాడు, ఆ చెలకలో చెక్కుచెదరని వలయాలు రెండున్నాయి. ఆయన భయం న్యాయమైనదే. "సారూ, గుంట జాగకు నాకు పేచీ లేదు. రేపు సర్కారోళ్ళొచ్చి చెలకంత గుంజుకుంటరేమో, గదొక్కటి చెప్పున్రి" అన్నాడు. కేంద్రం రక్షిత కట్టడంగా ప్రకటించిన వాటి చుట్టూ వంద మీటర్ల దాకా కొత్త నిర్మాణాలు నిషేధమన్న మాట ఆయన చెవిన పడింది. ఆ నిబంధన అలా ప్రకటించిన వాటికే వర్తిస్తుందని, ఇవి ఆ జాబితాలో లేవని ఉన్నదున్నట్టు చెప్పాను. తరువాత ఆయన ముందే లెక్క వేశాను. 30 అడుగుల వలయం 707 చదరపు అడుగులు. గుంట అంటే 1,089 చదరపు అడుగులు. చుట్టూ నడిచేందుకు దారి వదిలినా ఒక్కో వలయానికి గుంట చాలు. మొక్కకూ మొక్కకూ 20 అడుగుల ఎడం అనుకుంటే ఒక్కొక్క దానికి పోయేది మూడు నాలుగు మొక్కలు. ఆయన కాసేపు ఆలోచించి, వరుసలను అటూ ఇటూ జరుపుకుంటే ఇంకా తక్కువే పోతాయని తనే చెప్పాడు. గుంతలు తీసే రోజు జేసీబీ ముందు ఆయన కొడుకే నిలబడి వలయాల చుట్టూ ముగ్గు పోయించాడు.

సర్వేయరు వచ్చిన రోజు గ్రామ పెద్దల సమక్షంలో పంచనామా రాశారు. బంచరాయిలో ఉన్న వలయాలు ఏ సర్వే నంబరులో ఎన్ని ఉన్నాయో అందులో నమోదైంది. దాని ఆధారంగా, ఆ జాగా నుంచి మొరం గానీ రాయి గానీ ఎత్తరాదని గ్రామపంచాయతీ తీర్మానం చేసింది. పంచనామా నకలును, మా పటాలను కలిపి రాష్ట్ర వారసత్వ శాఖకు పంపాను. 2017 తెలంగాణ వారసత్వ చట్టం కింద రక్షణకు పరిశీలించమని కోరాను. పట్టా భూముల వలయాలను మాత్రం వేరే పట్టికలో, యజమాని ఒప్పుకున్నాడా లేదా అన్న గడితో సహా పెట్టాను.

ఆ గడిలో ఇంకా ఖాళీగా ఉన్నది ఒక్క సర్వే నంబరు. దాని యజమాని హైదరాబాదులో ఉంటాడు, కౌలుదారు ఏ మాటా ఇవ్వలేనంటాడు. ఆ చెలకలోని వలయాలలో ఒకదాని గుండ్లు ఇప్పటికే కొన్ని గట్టు మీదికి చేరాయి. యజమాని పండుగకు ఊరికి వచ్చినప్పుడు టిప్పన్ నకలు, గుంటల లెక్క పట్టుకుని వెళ్ళి కలవాలి. చెరువు అవతలి గుట్ట కింద కూడా వలయాలున్నాయని గొర్ల కాపరి పెద్దాయన చెబుతున్నాడు. గడ్డి ఎండి, పత్తి తీయడం అయిపోయాక అటువైపు కొలతలు మొదలుపెడతాం.